కల్వర్టు దగ్గర తగిలింది

"నక్కేనే అమ్మా! ఎన్నిసార్లు సెప్పాల? నక్క!"

"నువ్వు సూసినావా?"

"సూడక్కర్లేదు. ఆ రోడ్డుకి ఇంకేటి అడ్డొత్తాది?"

"సూడకుండా నక్కని ఎలాగ సెప్తన్నావురా? నక్కకి అంత ఒళ్ళుంటాదేటి? బండి బండంతా ఊగిపోనాది."

"మరయితే నువ్వెందుకు కడిగేసినావు? రెండు బకెట్లు పోసీసినావు. ఎంటికో, నెత్తురో, ఏదో ఒకటి అంటుకుని ఉండేది కదా. సూసుకుందుము కదా!"

"సావింటి నించొచ్చి కడక్కుండా గుమ్మం ఎక్కుతావా? బుద్ధుందేటి నీకు?"

ఈ మాటలన్నీ సిద్ధగోరాలో మా ఇంటి ముందు, వీధిలైటు కింద, ఎదురింటి వాళ్ళు తలుపు ఓరగా తీసి వింటూండగా జరిగాయి. నా కొడుకు కాంట్రాక్టు పని పోయాక పాత బండి ఒకటి కొనుక్కొని కిరాయికి తిప్పుకుంటున్నాడు. ఆ బండి ముందు వంగి, ఫోను లైటు వేసి, బంపరంతా వెతుకుతున్నాడు. బంపరు మీంచి పసుపునీళ్ళు ఇంకా కారుతున్నాయి. ఎడమ లైటు కింద అరచెయ్యంత సొట్ట పడింది. సొట్టలో వెంట్రుక లేదు, మరక లేదు. తోమిపెట్టిన పళ్ళెంలా మెరుస్తోంది.

చావింటికి, అందులోనూ పెద్దకర్మకి వెళ్ళి వచ్చినవాళ్ళు నీళ్ళు తాకకుండా గడప దాటకూడదు. మా సోంపేట వైపు పల్లెల్లో ఎడ్లబండి మీద వెళ్ళివచ్చినా, చక్రాల మీద పసుపునీళ్ళు చల్లాకే బండిని పెరట్లోకి తోలేవారు. నేను పెళ్ళయి ఈ హిందీవాళ్ళ ఊరు వచ్చాక చాలా మానేశాను గానీ అది మానలేదు. మా అక్క మొగుడి పెద్దకర్మకి ఖరగ్‌పూర్ వెళ్ళి వస్తున్నాం. దారిలోనే కోడలికి ఫోను చేసి, గుమ్మం ముందు బకెట్లు పెట్టి ఉంచమన్నాను. బండి ఆగీ ఆగగానే దిగి, మావాడు ఇంకా తాళం తియ్యకముందే, బానెట్టు మొదలు చక్రాల దాకా పోసేశాను. దారిలో బండికి ఏదో తగిలిన సంగతి మరిచిపోయానా అంటే మరవలేదు. కానీ ముందు చేయవలసింది ముందు చేయడమే నాకు అలవాటు.

కోడలు ఖాళీ బకెట్టు పట్టుకొని నిలబడి, గొడవ చల్లార్చాలని కాబోలు, "పోన్లెండి అత్తా, నక్క తోక తొక్కితేనే అదృష్టం అంటారు, మీ అబ్బాయి నక్కనే తొక్కీసినాడు" అంది. మావాడికి నవ్వు వచ్చినట్టే ఉంది. అప్పుడు మనవరాలు వెనక సీటులోంచి దిగకుండానే వాళ్ళ నాన్నతో అంది:

"పాపా, వో ఖడా థా."

అది నిలబడి ఉందట. మేం ముగ్గురం పిల్ల వైపు తిరిగాం. మేం తెలుగులో ఏం అడిగినా అది హిందీలోనే బదులిస్తుంది. కాలేజీకి వెళ్ళే పిల్ల, ఊరికే భయపడే రకం కాదు.

"ఏటి నిలబడి ఉంది?" అన్నాను.

"కంబల్ ఓఢ్‌కే. ఝుకా హువా."

కంబళి కప్పుకొని, నడుం వంగి. మావాడి చేతిలో ఫోను లైటు ఆరిపోయింది. ఆర్పేశాడో, చెయ్యి జారి నొక్కుకుందో నాకు తెలియదు.

ఈ రోడ్ల మీద అడవి జంతువులు మాకు కొత్త కాదు. ఊరు దాటితే చాలు, కొండలూ సాలవనాలే కదా. ఓసారి రాంచీ నుంచి బస్సులో వస్తూంటే, దల్మా కొండల దగ్గర డ్రైవరు ఉన్నట్టుండి ఇంజను ఆపి, లైట్లన్నీ తీసేసి, ఎవరూ మాట్లాడొద్దన్నాడు. ఎందుకో అర్థం కాలేదు. ముందు వాసన వచ్చింది, తడిసిన గోనెసంచీ వాసన. తరువాత నా కిటికీ పక్కనుంచి ఒక గోడ నడిచి వెళ్ళింది. అది ఏనుగని వెళ్ళిపోయాకే తెలిసింది. నక్కలు సరేసరి. నక్క బండి లైటులో పడిందంటే ఎడమకీ కుడికీ తప్పుకోదు, లైటే దానికి దారి అయినట్టు బండికి ముందే పరుగెడుతుంది. కొంత దూరం పోయాక ఆగి, మన వైపు తిరిగి చూస్తుంది. ఆ చూపు నాకు ఎప్పుడూ బాగుండదు. మనల్ని ఎక్కడో చూసినట్టు చూస్తుంది.

కానీ ఆ సాయంత్రం తగిలింది పరుగెత్తలేదు. ఘాట్‌శిలా దాటాక పొద్దు గూకింది. పుష్యమాసం, మంచు అప్పుడే పొలాల మీంచి రోడ్డు మీదికి పాకుతోంది. బండిలో ఏసీ వెయ్యనివ్వను, అది డీజిలు తాగుతుంది. చలికాలం హీటరూ వెయ్యనివ్వను. లోపల ముక్కిన వాసన వస్తోందని కిటికీ అద్దం జానెడు దించమన్నాను. అందుకే ఆ అరుపు విన్నాను. మావాడూ మనవరాలూ వినలేదంటారు. ఎదురుగా లారీ ఒకటి పెద్దలైట్లు వేసుకొని వచ్చింది. మావాడు కళ్ళు చిట్లించి ఎడమకి తీశాడు. అంతలో ధబ్బుమని తగిలింది. మనిషి ఏడుపు మొదలుపెట్టి సగంలో ఆపేసినట్టు, ఒక్క అరుపు. మావాడి కాలు బ్రేకు మీదికి వెళ్ళింది, బండి నెమ్మదించింది, మళ్ళీ ఏమనుకున్నాడో వేగం పెంచేశాడు.

"నక్క" అన్నాడు. అడగకముందే అన్నాడు.

వాడి భయం నాకు తెలుసు. రోడ్డు మీద మనిషికి బండి తగిలి, ఆగిన డ్రైవర్లని జనం ఏం చేస్తారో వాడు రోజూ ఫోనులో చూస్తూనే ఉంటాడు. నేనూ దారిలో ఏమీ అనలేదు. బండి నడుపుతున్నవాడితో పోట్లాడకూడదు.

ఇంటి ముందు మనవరాలు ఆ మాట చెప్పాక, తడి చేతులు కొంగుకి తుడుచుకొని మళ్ళీ బండి తలుపు తీశాను.

"పదరా, ఎల్దాం" అన్నాను.

"ఇప్పుడా? మనిసే అయితే, పబ్లిక్ పట్టుకుంటే సంపేత్తారే అమ్మా."

"నానుంటాను కదా. ముందు నన్ను కొట్టాల."

"నువ్వు జోకులెయ్యకు."

"జోకు కాదురా. సచ్చిపోతే సచ్చిపోయినట్టే. బతికుంటేనో? ఈ మంచులో రోడ్డు పక్కన పడుంటే తెల్లారేదాకా ఉంటాదేటి?"

వాడు నా వైపు చూడకుండా వెళ్ళి సీటులో కూర్చున్నాడు. కోడలు "నేనూ వత్తాను" అంటే వద్దన్నాను. మనవరాలు మాత్రం దిగనంది. ఆ చోటు చూసింది తనొక్కతే.

వచ్చిన దారే. కానీ రెండోసారి వెళ్తుంటే అది వేరే రోడ్డులా ఉంది. ప్రతి ముళ్ళపొదా ఎవరో కూర్చున్నట్టు, ప్రతి మైలురాయీ ఎవరో లేచి నిలబడినట్టు కనబడింది. రెండుచోట్ల రోడ్డు దాటుతున్న కళ్ళు మెరిశాయి. మావాడు బండి నడకలా నడిపాడు. వెనకనుంచి లారీలు హారను కొట్టి, తిట్టి, దాటి పోతున్నాయి. గాలూడీ దాటి చాలా దూరం పోయాక మనవరాలు, "యహీఁ. వో పులియా" అంది. ఇక్కడే, ఆ కల్వర్టేనట.

సున్నం వేసిన చిన్న కల్వర్టు. రోడ్డుకి పక్కన పల్లంగా పొలాలు, కోసేసిన వరి మొదళ్ళు. పొలాల అవతల ఒక మంట వెలుగు, అంటే అక్కడ మనుషులున్నారు. బండి ఆపగానే మావాడు అలవాటు కొద్దీ ఇంజను కట్టేశాడు. అప్పుడు తెలిసింది, ఆ చోటు ఎంత నిశ్శబ్దంగా ఉందో. కప్ప లేదు, కీచురాయి లేదు. ఏదో ఒక చప్పుడు విని, తక్కినవన్నీ నోరు మూసుకున్నట్టు ఉంది.

ఫోను లైట్లు వేసుకొని వెతికాం. రోడ్డు మీద మరక ఉంది గానీ అది ఆయిలో, నెత్తురో ఆ వెలుతురులో తెలియలేదు. మావాడు వేలితో ముట్టుకొని వాసన చూశాడు. నేను చూడలేకపోయాను. రోడ్డు అంచున గడ్డి పల్లం వైపు ఒరిగి ఉంది. ఏదో ఈడ్చినట్టు, లేక ఏదో తనంతట తనే ఈడ్చుకొని పోయినట్టు.

ఆ గీత వెంట లైటు వేశాను. పొలం మధ్యలో రెండు కళ్ళు కనబడ్డాయి.

నేలకి అంటుకొని లేవు. కూర్చున్న చిన్నపిల్ల కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయో అంత ఎత్తులో ఉన్నాయి. కదలలేదు. లైటు తీసి మళ్ళీ వేశాను. అక్కడే ఉన్నాయి.

"ఎవుర్నాయినా?" అన్నాను. తెలుగులో పిలిచానని గుర్తొచ్చి, "కౌన్ హై బేటా? చోట్ లగా?" అన్నాను, దెబ్బ తగిలిందా అని.

కళ్ళు మూసుకున్నాయి. కాసేపటికి తెరుచుకున్నాయి. చిన్న మూలుగు వినిపించింది, జ్వరం వచ్చిన మనిషి నిద్రలో మూలిగినట్టు. నేను పల్లంలోకి కాలు పెట్టాను. మావాడు నా చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు.

"వద్దే అమ్మా! అది మనిసి కాదే!"

"కాదని నీకెలాగ తెలుసు?"

"మనిసి కళ్ళు మెరవ్వు కదే!"

ఆ మాట నిజమే. నాకు తోచలేదు. కానీ మనవరాలు రోడ్డు మీద చూసింది కళ్ళు కాదు, కంబళి. పొలంలో ఉన్నది జంతువే అయితే, కంబళిలో ఉన్నది ఎవరు? ఇంతలో ఒక లారీ వచ్చింది. దాని వెలుతురు పొలమంతా ఊడ్చినట్టు పోయింది. వరి మొదళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. లారీ వెళ్ళాక మా లైటులో కళ్ళూ లేవు.

మంట కనబడిన వైపు గట్టు పట్టుకొని నడిచాం. ఏడెనిమిది మట్టి ఇళ్ళ గూడెం. నలుగురైదుగురు మగవాళ్ళు ఎండుటాకులు వేసి చలి కాచుకుంటున్నారు. మావాడు దూరంగానే ఆగిపోయాడు. నేనే ముందుకు వెళ్ళి, వచ్చీరాని హిందీలో, "హమారా గాడీ మే కుఛ్ లగా. ఆప్‌కా సబ్ ఆద్మీ ఘర్ ఆయా?" అని అడిగాను. మా బండికి ఏదో తగిలింది, మీవాళ్ళంతా ఇళ్ళకి వచ్చారా అని. ఇంకెలా అడగాలో నాకు తెలియదు.

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు లేచి వెనక ఇంట్లోకి వెళ్ళి వచ్చాడు.

"బుఢియా నహీఁ ఆయీ" అన్నాడు. ముసలామె రాలేదు.

నడుం వంగిన మనిషట. రోడ్డు మీద ఒక ధాబాలో గిన్నెలు తోమి, రోజూ పొద్దు గూకేవేళకి కంబళి కప్పుకొని ఆ కల్వర్టు మీంచే గూడేనికి వస్తుందట. ఇంట్లో ఒక్కతే ఉంటుంది, ఫోను లేదు. ధాబావాడికి ఫోను కలపబోతే ఎత్తలేదు. నా మనవరాలు నా కొంగు పట్టుకుంది. ఎప్పుడో చిన్నప్పుడు పట్టుకునేది అలా.

మావాడు దగ్గరికి వచ్చి, వాళ్ళు అడగకముందే బండి తాళం తీసి నా పక్కనుంచి చెయ్యి చాచి ఇచ్చేశాడు. వాళ్ళు తీసుకున్నారు. కొడతారేమోనని నేను వాడి ముందుకు జరిగాను. ఎవరూ కొట్టలేదు. కర్రలూ టార్చిలైట్లూ పట్టుకొని పొలానికి వెళ్ళారు, వాడూ వాళ్ళతో వెళ్ళాడు. కల్వర్టుకి రెండు వైపులా ఆవిడని కేకేసి పిలుస్తూ తిరిగారు. ఎవరూ పలకలేదు. మంచు దిగి, టార్చి వెలుతురు మూరెడు దూరం కూడా పోవడం లేదని, తెల్లారాక వెతుకుదామని వచ్చేశారు.

మంట దగ్గర మాకు చోటిచ్చారు. ఒకామె మనవరాలికి కప్పుకోడానికి దుప్పటి ఇచ్చింది. నాకు నిద్ర రాలేదు. పొలంలోంచి ఆ మూలుగు వస్తుందేమోనని వింటూ కూర్చున్నాను. రాలేదు. అది రాకపోవడానికే ఎక్కువ భయమేసింది. ఒకసారి మావాడు నెమ్మదిగా, "అమ్మా, ఆవిడే అయితే?" అన్నాడు.

"ఆవిడే అయితే, అయిందని సెప్పాల" అన్నాను.

"అంతేనా?"

"మరింకేటుంటాది రా?"

ముఖాలు తెలిసే వెలుతురు వచ్చీ రాగానే మగవాళ్ళు లేచారు. నేనూ వెళ్ళాను. మంచులో ముందు నడిచేవాడి వీపు తప్ప ఏమీ కనబడదు. నేను కళ్ళు చూసిన చోటికి చాలా అవతల, గట్టు చాటున, ముందున్నవాడు ఆగి చెయ్యెత్తాడు. మావాడి నడక ఆగిపోయింది. నేను వాడిని దాటుకొని వెళ్ళాను.

దుమ్ములగొండి. వాళ్ళు లకడ్‌బగ్గా అన్నారు, టీవీలో హైనా అంటారు. అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. ముందుకాళ్ళు ఎత్తు, వెనకకాళ్ళు పొట్టి, వీపు మీద పొడుగ్గా బూడిదరంగు జూలు, ఒంటి నిండా చారలు. మంచులో, ఎదురులైట్లలో, ముందు నుంచి చూస్తే ముసుగేసుకొని వంగి నిలబడిన మనిషే. వెనకకాళ్ళు రెండూ పనికిరాకుండా పోయాయి. ముందుకాళ్ళ మీద లేచి, ఈడ్చుకుంటూ అంత దూరం వచ్చింది. రాత్రి నేను "చోట్ లగా?" అని అడిగింది దీన్నే. ప్రాణం పోయింది గానీ ఒళ్ళు ఇంకా పూర్తిగా బిగుసుకోలేదు, తెల్లారగట్ల దాకా బతికే ఉందన్నమాట. కళ్ళు తెరిచే ఉన్నాయి, పగటి వెలుతురులో మామూలు గోధుమరంగు కళ్ళు.

మావాడు వచ్చి చూశాడు. చూసి గట్టు మీద కూలబడ్డాడు. కానీ గూడెం వాళ్ళ ముఖాలు తేటపడలేదు. దుమ్ములగొండి దొరికింది గానీ, ముసలామె దొరకలేదు. ఒకవేళ రెండూ జరిగి ఉంటేనో? దాని ముందు ఆవిడా, ఆవిడ వెనక అదీ నడిచి ఉంటేనో? ఎవరూ అనలేదు గానీ, అందరూ మళ్ళీ కర్రలు తీసుకొని కల్వర్టు కిందా, తుప్పల్లోనూ వెతకడం మొదలుపెట్టారు.

ఎండ రాకముందే ఆటో ఒకటి రోడ్డు మీద ఆగింది. నడుం వంగిన ముసలామె, బూడిదరంగు కంబళి కప్పుకొని, చిన్న మూట చంకన పెట్టుకొని దిగింది. కల్వర్టు చుట్టూ ఇంతమందిని చూసి గట్టిగా ఏదో అరిచింది. మా మనవరాలు నవ్వుతూ, ఏడుస్తూ నాకు చెప్పింది: "మామ్మా, పూఛ్ రహీ హై, కౌన్ మర్ గయా." ఎవరు పోయారని అడుగుతోందట. కూతురికి ఒంట్లో బాగులేదని కబురొస్తే ముందురోజు పొద్దున్నే ధాబా మాని ఆ ఊరు పోయిందట. ఎవరికీ చెప్పలేదు, ఎవరికి చెప్పాలి అంది. మా వైపు చూసి వీళ్ళెవరంది. చెప్పారు. మావాడు లేచి ఆవిడ కాళ్ళకి దండం పెట్టబోతే, "హట్!" అని కసిరింది.

తరువాత ఆవిడ కూడా వచ్చి చూసింది. పొలం గట్టు మీద నిలబడి చాలాసేపు చూసింది. సగం బెంగాలీలో, సగం హిందీలో ఆవిడ చెప్పింది మనవరాలు అడిగి తెలుసుకొని నాకు చెప్పింది. ధాబాలో మిగిలిన ఎముకలు మూటగట్టి కోళ్ళకి దంచిపెట్టడానికి తెచ్చుకుంటుందట. ఆ వాసనకి ఇది రోజూ పొద్దు గూకేవేళకి కల్వర్టు దగ్గర ఎదురుచూసి, ఆవిడ వెనకే ఇల్లు కనబడేదాకా వచ్చేదట. ఎప్పుడూ దగ్గరికి రాలేదు. ఆవిడా ఎవరికీ చెప్పలేదు, చెబితే కొట్టి చంపేస్తారని. ఒక్కోసారి ఒక ఎముక విసిరేది.

"నిన్న నేను రాలేదు" అంది ఆవిడ. "ఇది వచ్చింది."

గూడెం వాళ్ళు ఫోను చేస్తే ఫారెస్టు గార్డు మోటారు సైకిలు మీద వచ్చాడు. దూరంనుంచీ దగ్గరనుంచీ ఫొటోలు తీసుకున్నాడు. ఎవరూ ముట్టుకోవద్దు, డిపార్టుమెంటు బండి వచ్చి తీసుకుపోతుందన్నాడు. ఏ బండి కొట్టిందో ఎవరైనా చూశారా అని అడిగాడు. గూడెం వాళ్ళందరికీ తెలుసు. ఎవరూ మా పేరెత్తలేదు. ఒకడు లారీ అయ్యుంటుందన్నాడు. బండి తాళం అప్పటికే తిరిగి మావాడి చేతిలో పెట్టేశారు కూడా.

"మేరీ గాడీ" అన్నాడు మావాడు, కొట్టింది తన బండేనని.

గార్డు వాడి పేరూ బండి నంబరూ రాసుకున్నాడు. సొట్ట ఫొటో తీసుకున్నాడు. పిలిస్తే రావాలన్నాడు. మావాడు వస్తానన్నాడు. ముసలామె తన మూట విప్పి, కూతురు పెట్టిన బియ్యప్పిండి పిఠాలు మా మనవరాలి చేతిలో రెండు పెట్టి, ధాబాకి ఆలస్యమవుతోందని రోడ్డెక్కి వెళ్ళిపోయింది. మేం బండెక్కి బయల్దేరాం.